పక్కింటి గ్యారేజీలో జడ్జ్ కారు

ఏప్రిల్‌లో ఒక ఆదివారం గుడి నుంచి వచ్చి కారు దిగుతుంటే పక్కింటి పెద్దావిడ మా వాకిలి దాకా వచ్చారు. మేముండేది మిషిగన్‌లో, నోవై ఊళ్లో. ఆవిడకి ఎనభై దాటాయి, భర్త పోయి రెండేళ్లయింది. ఎప్పుడూ మంచు గురించో మా పాప చదువు గురించో మాట్లాడే మనిషి, ఆ రోజు నేరుగా విషయానికొచ్చారు.

"నువ్వు కార్ల పార్టుల కంపెనీలో పనిచేస్తావు కదా. మా గ్యారేజీలో ఉన్న కారు అసలుదో కాదో చూసి చెప్తావా?"

నేను చేసేది బ్రేకుల డిజైన్. పాత కార్లంటే మాత్రం పిచ్చి ఇష్టం. ఏటా ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూలో డ్రీమ్ క్రూజ్ అని పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని, పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా లేవను. అయినా ఒక కారు అసలుదని తేల్చే పని ఎన్నడూ చేయలేదు. ఆ మాటే ఆవిడతో చెప్పాను.

"పర్వాలేదు. నాకు డబ్బు కంటే ముందు ఒక విషయం తెలియాలి. మా ఆయన ముప్పై ఏళ్లు నాతో అబద్ధం చెప్పాడా?" అన్నారు.

గ్యారేజీ తలుపు ఎత్తగానే ఎలుకల వాసన, పాత ఆయిల్ వాసన కలిసి ముక్కుకి తగిలాయి. అట్టపెట్టెలు, క్రిస్మస్ దీపాల తీగలు పక్కకి తీస్తే కింద ముదురు నీలం రంగు కారు. నాలుగు టైర్లూ నేలకి అంటుకుపోయాయి. డ్రైవర్ వైపు ఫ్లోర్ తుప్పు పట్టి, కార్పెట్ కింద సిమెంటు నేల కనపడుతోంది. 1969 పాంటియాక్ జీటీఓ. ఆయన 1989లో ఒహాయో వెళ్లి కొనుక్కొచ్చారట. 1996 నుంచి కదల్లేదు. ఆయన పాంటియాక్ ఊళ్లోని ప్లాంటులోనే అసెంబ్లీ లైన్ మీద పనిచేశారు. "ఇది మామూలు జీటీఓ కాదు, జడ్జ్. మా లైన్ మీదే తయారైంది" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేవారట.

జడ్జ్ అంటే ఏంటో ఇక్కడ కొంచెం చెప్పాలి. పాంటియాక్ జనరల్ మోటార్స్ వాళ్ల బ్రాండు. 1964 మోడల్‌కి అక్కడి చీఫ్ ఇంజనీరు జాన్ డెలోరియన్, ఆయన తోటి ఇంజనీర్లు కలిసి మధ్యతరహా కారులో పెద్ద కారు ఇంజన్ పెట్టేశారు. అదే జీటీఓ. అలాంటి మధ్యతరహా కార్లలో 330 క్యూబిక్ అంగుళాలకి మించిన ఇంజన్ పెట్టకూడదని జనరల్ మోటార్స్‌లో రూలు. వీళ్లు 389ని ఆప్షన్‌గా అమ్మి ఆ రూలు దాటేశారు. మామూలు కారులో పెద్ద ఇంజన్ పెట్టే మజిల్ కార్ల పోటీ అక్కడి నుంచే ఊపందుకుంది. 1969 మోడల్‌లో ఆ జీటీఓకే బానెట్ మీది రంధ్రాల్లోంచి గాలి పీల్చే రామ్ ఎయిర్ ఇంజన్, డిక్కీ మీద రెక్కలాంటి స్పాయిలర్, పక్కల చారలు, టీ ఆకారపు గేర్ పిడి కలిపి జడ్జ్ అని పేరు పెట్టారు. అప్పటి ఒక టీవీ కామెడీ షోలో జడ్జి వస్తున్నాడంటూ చెప్పే ఊతపదం అందరి నోళ్లలో నానేది, పేరు దాన్నుంచే వచ్చింది. ఆ ఏడాది తయారైన 72,287 జీటీఓల్లో జడ్జ్‌లు 6,833 మాత్రమే. ఇప్పుడు రెంటి ధరకీ పొంతనే ఉండదు. చిక్కంతా అక్కడే ఉంది. స్పాయిలర్, చారల స్టిక్కర్లు, గ్లవ్‌బాక్స్ మీద పెట్టే ఎంబ్లెం, అన్నీ కొత్తవి చేసి అమ్ముతున్నారు. మామూలు జీటీఓని జడ్జ్‌లా ముస్తాబు చేయడం పెద్ద కష్టం కాదు.

నాకంటే ముందే ఒక వ్యాపారి వచ్చి చూసి వెళ్లాడట. బానెట్ ఎత్తి, టార్చి వేసి, రెండు నిమిషాల్లో "ఇంజన్ నంబరు దొంగది, నకిలీ. ఇంజన్ దొంగదైతే కారు మొత్తం దొంగదే. అయిదు వేల డాలర్లిస్తాను, ఈ వారంలో తీసుకుపోతాను" అన్నాడట. ఆవిడకి నిద్ర పట్టనిది ఆ అయిదు వేల గురించి కాదు. దొంగది అన్న మాట గురించి.

మొదట చూడాల్సింది విన్ నంబరు, అంటే ఒక్కో కారుకీ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు. 1968 నుంచి జనరల్ మోటార్స్ కార్లకి అది డ్రైవర్ వైపు డాష్‌బోర్డు మీద, అద్దంలోంచి బయటికి కనపడేలా ఉంటుంది. తుడిచి చూశాను. 242379పీ, ఆ తర్వాత ఆరంకెలు. మొదటి 2 పాంటియాక్‌ది. 42 జీటీఓది. 37 అంటే రెండు తలుపుల హార్డ్‌టాప్. 9 అంటే 1969. పీ అంటే పాంటియాక్ ప్లాంటు. అంటే కారు జీటీఓ అన్నదీ, ఆయన పనిచేసిన ఊళ్లోనే తయారైందన్నదీ ఆ రేకు చెబుతోంది. జడ్జ్ అవునో కాదో మాత్రం చెప్పదు, ఆ నంబర్లో జడ్జ్‌కి విడిగా గుర్తు లేదు. రేకుని పట్టి ఉంచిన రివెట్లు ఆరు రేకుల పువ్వులా ఉన్నాయి, కంపెనీ వాడేవి అలాంటివే. వాటిని ముట్టుకోలేదు. విన్ రేకు పీకడం ఈ దేశంలో నేరం.

డాష్‌బోర్డు కింద రామ్ ఎయిర్ అని రాసున్న గుబ్బ కనపడింది. అది లాగితే బానెట్ మీది గాలి రంధ్రాల మూతలు తెరుచుకుంటాయి. ఒక్క క్షణం గుండె వేగంగా కొట్టుకుంది. కానీ రామ్ ఎయిర్‌ని మామూలు జీటీఓకి కూడా ఆప్షన్‌గా అమ్మారు. కాబట్టి అది ఉన్నంత మాత్రాన జడ్జ్ అయిపోదు. స్పాయిలర్ లేదు. పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతంతో డిక్కీ మూత మీద తడిమి చూస్తే, రెండు చివర్లా కొన్ని చోట్ల పట్టు జారిపోయింది. అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. స్పాయిలర్ తీసేసి ఆ రంధ్రాలు పూడ్చినట్టున్నారు. ఇదీ రుజువు కాదు. ఎవరైనా ఎప్పుడైనా ఒక స్పాయిలర్ బిగించి మళ్లీ తీసేసి ఉండొచ్చు.

ఆ రాత్రి విజయవాడలో నాన్నకి ఫోన్ చేశాను. నాన్న ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీ ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. విషయమంతా విని, "ఇంజన్ నంబరు పెన్సిల్ ప్రింట్ తీశావా?" అన్నారు.

"లేదు నాన్నా. ఫొటో తీశాను."

"ఫొటోలో వెలుతురు పడి ఏమీ తెలీదు. పల్చటి కాయితం పెట్టి పెన్సిలు రుద్ది చూడు. అంకెలు సరిపోయాయా అని కాదురా, అంకెల చుట్టూ ఉన్న ఇనుము చూడు. గ్రైండర్ పట్టిన చోట గీతలు దొరికిపోతాయి."

పాత బండి పేరు మార్చుకోవడానికి ఆర్టీఓ ఆఫీసుకి వెళ్లినవాళ్లందరికీ చాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ తెలిసే ఉంటుంది. చిన్నప్పుడు నాన్న వెంట వెళ్లి ఎన్ని లారీల చాసిస్‌ల మీద కాయితం పట్టుకున్నానో. మిషిగన్‌లో మళ్లీ ఆ పని చేస్తాననుకోలేదు.

మర్నాడు ఆఫీసు నుంచి రాగానే కిరసనాయిలు, వైర్ బ్రష్, మా పాప డ్రాయింగు పుస్తకంలోంచి ట్రేసింగు కాయితం తీసుకుని వెళ్లాను. ఇంజన్‌కి ఒళ్లులాంటి ఇనుప పోతని బ్లాకు అంటారు. ఈ ఇంజన్ గుర్తులు ఆ బ్లాకు ముందు భాగంలో, ప్యాసింజర్ వైపు ఉంటాయి. హెడ్ కింద రెండక్షరాల కోడ్. టైమింగ్ కవర్ పక్కన విన్ నంబర్లోంచి తీసుకున్న ముక్క. గ్రీజు గట్టిపడి పెచ్చులా ఉంది. ఇనుముకి గీత పడకుండా కర్రపుల్లతో గోకాను. అరగంట పట్టింది. కోడ్ డబ్ల్యూఎస్. 366 హార్స్‌పవర్ రామ్ ఎయిర్ త్రీ ఇంజన్, నాలుగు గేర్ల మాన్యువల్. జడ్జ్‌లో ఉండాల్సింది అదే. విన్ ముక్క కూడా డాష్‌బోర్డు నంబరుతో అంకెకి అంకె సరిపోయింది.

అంకెలు మాత్రమే చదివి ఉంటే అక్కడికక్కడే ఆవిడకి శుభవార్త చెప్పేసేవాణ్ణి. కాయితం పెట్టి పెన్సిలు పడుకోబెట్టి రుద్దాను. అంకెలు తెల్లగా తేలాయి. వాటి చుట్టూ వంపు తిరిగిన సన్నటి గీతలు, ఒకదాని మీద ఒకటి, వేలిముద్రలాగా. పక్కనే ముట్టుకోని చోట ఇనుము గరుకు సమానంగా ఉంది. పైగా అంకెల్లో ఒకటి లోతుగా, ఇంకొకటి పైపైన, 9 కొంచెం పక్కకి ఒరిగి. ఒక్కో పంచ్ విడిగా పెట్టి సుత్తితో కొట్టిన పని. కంపెనీలో వేసిన అంకెలూ ఒక్కోసారి వంకరగా ఉంటాయి, కాబట్టి వంకర చూసి తీర్పు చెప్పకూడదు. గ్రైండర్ గీతలకి మాత్రం వేరే కారణం చెప్పలేం.

అయినా ఇంకొకటి చూడాలి. బ్లాకు పోత పోసేటప్పుడే వచ్చే నంబరుని ఎవరూ తేలిగ్గా మార్చలేరు, అది ఉబ్బెత్తుగా ఇనుములో భాగంగానే ఉంటుంది. ఈ ఇంజన్లలో అది ఎనిమిదో సిలిండర్ వెనక, కేబిన్ గోడకి ఆనుకుని ఉంటుంది. చెయ్యి పట్టదు. చిన్న అద్దం, టార్చి పెట్టి తలకిందుల అంకెలు చదవాలి. 481988. డిస్ట్రిబ్యూటర్ దగ్గర తేదీ కోడ్ బీ 14 2. బీ అంటే ఫిబ్రవరి, 14వ తేదీ, 2తో ముగిసే సంవత్సరం. 481988 బ్లాకు 1970ల మోడళ్లది, కాబట్టి ఆ సంవత్సరం 1972. 1969లో బయటికొచ్చిన కారులో 1972లో పోసిన ఇంజన్ ఉంది. ఎవరో ఆ తర్వాతి బ్లాకు తెచ్చి, నున్నగా అరగదీసి, దాని మీద ఈ కారు నంబరు కొట్టారు.

వ్యాపారి అబద్ధం చెప్పలేదన్నమాట. ఆ రాత్రి తిండి సయించలేదు. రేపు ఆవిడకి ఏం చెప్పాలి అన్నదే టెన్షన్. మా ఆవిడే అంది, "ఇంజన్ మాత్రమే మార్చారేమో. కారు సంగతి కారుని అడుగు" అని. నిజమే, ఆ వ్యాపారి మాటలో మొదటి సగం సరైనది. రెండో సగాన్ని ఎవరూ పరీక్షించలేదు. 1980ల చివర్లో ఈ కార్ల ధరలు ఒక్కసారిగా పెరిగాయి. 1989లో అమ్మేవాడికి, కారు నిజమైన జడ్జే అయినా, ఇంజన్ కూడా పుట్టినప్పటిదేనని చూపిస్తే ఎక్కువ డబ్బొచ్చేది. అసలు కారుకి దొంగ అచ్చు వేయడానికి అదొక్కటే చాలు.

పాంటియాక్ కార్ల విషయంలో ఒక అదృష్టం ఉంది. ఆ బ్రాండునే జనరల్ మోటార్స్ మూసేసింది, 2009లో ప్రకటించి 2010కల్లా ముగించింది. కానీ డీలర్లకి కార్లు పంపినప్పటి బిల్లింగ్ రికార్డులు మైక్రోఫిల్మ్ మీద భద్రంగా ఉన్నాయి. పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ అనే సంస్థకి విన్ నంబరు, ఫీజు పంపితే ఆ కారు తాలూకు రికార్డు కాపీ ఇస్తారు. చాలా ఇతర బ్రాండ్ల పాత కార్లకి ఈ సౌకర్యం లేదు. 1969 షెవర్లే కొన్నవాళ్లు సీట్ల కిందా, పెట్రోలు ట్యాంకు పైనా చిరిగిన కాయితం ముక్కల కోసం వెతుక్కోవాల్సిందే. ఈ రికార్డులని ఇన్నేళ్లు దాచి ఉంచినవాళ్లకి చేతులెత్తి దండం పెట్టాలి.

కాపీ వచ్చిన రోజు ఆఫీసులో మీటింగు మధ్యలో ఫోన్‌లో తెరిచాను. అక్షరాలు చెదిరిపోయి, నల్ల మరకల మధ్య ఉన్నాయి. పైన విన్ నంబరు, ఒహాయోలో ఒక డీలరు, కింద వరసగా ఆప్షన్లు. వేలితో పెద్దది చేసుకుంటూ కిందికి జరిపాను. నాలుగు గేర్ల మాన్యువల్. ఆ కిందే డబ్ల్యూటీ1, జడ్జ్. కారౌసెల్ రెడ్ రంగు. పేరుకి రెడ్ గానీ అది ముదురు నారింజ. మొదటి రెండు వేల దాకా జడ్జ్‌లు ఆ ఒక్క రంగులోనే వచ్చాయి.

ఆవిడకి వెంటనే ఫోన్ చేయాలనిపించింది, చేయలేదు. కాయితం చెప్పింది ఆ నంబరు గురించి. ఇంజన్ మీద దొంగ నంబరు కొట్టినవాళ్లు, పాడైపోయిన జడ్జ్ నుంచి విన్ రేకు పీకి మామూలు కారుకి బిగించలేదని నమ్మకం ఏమిటి? అలా చేసినవాళ్లున్నారు. ఆ నంబరు ఈ శరీరానిదేనని తేలాలి.

దానికి కంపెనీ వదిలిన చోటు ఒకటుంది. ఇంజన్‌కీ కేబిన్‌కీ మధ్య ఉండే రేకు గోడ మీద, హీటర్ డబ్బా కింద, విన్ ముక్క కొట్టి ఉంటుంది. డబ్బా విప్పితే గానీ కనపడదు. శనివారం పొద్దున మొదలుపెట్టాను. పై నట్లు తేలిగ్గానే వచ్చాయి. అడుగు నట్ దగ్గరికి స్పానర్ పోవడానికి లోపలి ఫెండర్ బోల్టులు వదులు చేయాల్సొచ్చింది. వాటిలో రెండు తుప్పుతో విరిగాయి. ఆవిడ ఒక కుర్చీ తెచ్చుకుని గుమ్మంలో కూర్చున్నారు. మధ్యాహ్నం దాకా ఒక్క ప్రశ్న అడగలేదు, రెండుసార్లు కాఫీ తెచ్చిచ్చారు, అంతే.

డబ్బా ఊడి వచ్చాక వెనక ఎలుక గూడు, ఎండిన ఆకులు. వాటి కింద నల్ల రంగు, దాని మీద ఎప్పటిదో సీలర్, ఎవరూ గీకనిది. గుడ్డతో మెల్లగా తుడిచాను. కాయితం పెట్టి పెన్సిలు రుద్దాను. 29పీ, ఆ తర్వాత ఆరంకెలు. డాష్‌బోర్డు మీద ఉన్నవే. అన్నీ ఒకే వరసలో, ఒకే లోతులో. చుట్టూ ఎక్కడా అరగదీసిన గీత లేదు, వెల్డింగు మచ్చ లేదు. తర్వాత వెనక సీటు పక్క ప్యానెల్ తీసి లోపలికి టార్చి వేశాను. నీలం రంగు వేసినవాడి గన్ అక్కడి దాకా రాలేదు. రేకు లోపలివైపు పొగమంచు పట్టినట్టు నారింజ తుంపర.

రెండు పెన్సిల్ ప్రింట్లూ పక్కపక్కన పెట్టి ఆవిడకి చూపించాను. "ఇది ఇంజన్‌ది. దీన్ని ఎవరో తర్వాత కొట్టారు. ఇంజన్ ఈ కారుది కాదు, ఆ విషయంలో వచ్చినాయన చెప్పింది నిజం. ఇది కారుది. దీన్ని ఎవరూ ముట్టుకోలేదు. కంపెనీ కాయితంలో జడ్జ్ అని ఉంది. మీ ఆయన మీతో అబద్ధం చెప్పలేదండీ. ఆయనకి కారు అమ్మినవాళ్లు అబద్ధం చెప్పారు."

ఆవిడ చాలాసేపు రెండో కాయితం మీద వేలితో రాస్తూ ఉండిపోయారు. "పాంటియాక్‌లోనే తయారైందా?" అని అడిగారు చివరికి.

"అవును. పీ అంటే అదే."

"ఆయనకి ఇంజన్ సంగతి తెలిసుంటే చాలా బాధపడేవాడు" అన్నారు. కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయారు. నేను హీటర్ డబ్బా మళ్లీ బిగించి ఇంటికొచ్చాను.

అమ్మకం ప్రకటన ఇద్దరం కూర్చుని రాశాం. మొదటి వాక్యంలోనే "నిజమైన జడ్జ్, ఇంజన్ 1972ది, దాని మీద నంబరు తర్వాత కొట్టింది" అని పెట్టాలన్నారు ఆవిడ. అలా రాస్తే జనం బెదిరిపోతారేమోనని నేను ఒకసారి అన్నాను. అననక్కర్లేకపోయింది. జూన్‌లో పెన్సిల్వేనియా నుంచి ఒక జంట వచ్చారు. ఆయన జేబులో సొంత అద్దం, టార్చి. నేరుగా ఎనిమిదో సిలిండర్ వెనక చూసి, తల ఊపి, హీటర్ డబ్బా వైపు తిరిగేసరికి ఆవిడ కవర్ తీసి చేతికిచ్చారు. బిల్లింగ్ కాపీ, రెండు పెన్సిల్ ప్రింట్లు. బేరం పది నిమిషాల్లో అయిపోయింది. వ్యాపారి చెప్పినదానికి నాలుగు రెట్లకి పైనే. ట్రెయిలర్ ఎక్కించడానికి మాత్రం రెండు గంటలు పట్టింది, వెనక కుడి బ్రేకు డ్రమ్ముకి పట్టేసింది. అది వదిలించే పని నాకొచ్చిందే కాబట్టి నేనే చేశాను.

రాత్రి నాన్నకి చెప్తే, "అయితే ఆ కారు సొంత ఇంజన్ ఎక్కడో ఏదో షెడ్డులో పడుంటుందిరా. నంబరు నీ దగ్గరుంది కదా" అన్నారు. ఫోన్‌లో రాసిపెట్టుకున్నాను. కొన్నాయన కూడా కనపడితే చెప్పమన్నాడు. ఇప్పుడు పాత పార్టుల స్వాప్ మీట్‌కి ఎక్కడికెళ్లినా, పాంటియాక్ బ్లాకు కనపడితే ప్యాసింజర్ వైపు ముందు భాగం గుడ్డతో తుడిచి చూస్తున్నాను. ఇప్పటికి పదకొండు చూశాను.